వంతు వచ్చినవాడి నవ్వు

యుద్ధం గురించిన బొమ్మల్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసిన బొమ్మ ఒకటుంది. తిరగేసిన బకెట్టు మీదో, చిన్న స్టూలు మీదో ఒక సైనికుడు కూర్చుని ఉంటాడు. చేతిలో తుపాకీ ఉండదు, చాకు ఉంటుంది. ఎదురుగా తన ఎత్తున బంగాళాదుంపల గుట్ట. మొహం వేలాడేసుకుని ఒక్కొక్కటే తొక్క తీస్తుంటాడు. ఆ బొమ్మ కింద ఏ మాటా రాయక్కర్లేదు. చూడగానే నవ్వొస్తుంది.

ఎందుకొస్తుంది? దుంప తొక్క తీయడంలో నవ్వాల్సింది ఏముంది? మన ఇళ్ళల్లో ఈ పని రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, వాళ్ళని చూసి ఎవరూ కార్టూన్ గీయరు. అదే పని యూనిఫామ్‌లో ఉన్న మగవాడు చేస్తే జోకు. పైగా అది యుద్ధకాలం. లక్షలమంది చచ్చిపోతున్న కాలంలో, ఆ చావుకి తయారవుతున్న క్యాంపులో, మనకి కనబడింది దుంపల గుట్ట. ఈ నవ్వు మంచిదేనా? అంటే, ఇది నిజాన్ని చెప్పే నవ్వా, నిజం మీద గుడ్డ కప్పే నవ్వా? కొన్నాళ్ళుగా యుద్ధకాలపు హాస్యం చదువుతుంటే ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. అమెరికన్ ఆర్మీలో దీన్ని కె.పి. అంటారు. పూర్తి పేరు కిచెన్ పోలీస్. పోలీసులకీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లీషులో ఆ మాటకి శుభ్రంగా, క్రమంగా ఉంచడం అనే పాత అర్థం ఒకటుంది, ఆర్మీలో అది మిగిలిపోయింది. రోస్టర్‌లో పేరు పడినవాడు ముందురోజు రాత్రి తన మంచం చివర ఒక తువ్వాలు కట్టుకుని పడుకోవాలి. అందరికన్నా ముందు, చీకటితోనే ఎవర్ని లేపాలో ఆ తువ్వాలు చూసి తెలుసుకుంటారు. అక్కణ్ణుంచి రాత్రి దాకా వాడు మెస్ సార్జెంటు చేతిలో కీలుబొమ్మ. వందలమందికి సరిపడా దుంపలూ ఉల్లిపాయలూ తరగడం, కంచాలు కడగడం, మనిషి పట్టేంత గుండిగలు తోమడం, బల్లలు తుడవడం, చెత్త మోయడం. అన్నిటికన్నా ఘోరం, సింకులోంచి పోయే నీళ్ళలో జిడ్డుని పట్టి ఉంచే తొట్టిని చేత్తో శుభ్రం చెయ్యడం. ఆ వాసన గురించి రాయని మాజీ సైనికుడు అరుదు.

ఈ పని రెండు దారుల్లో నెత్తిన పడుతుంది. ఒకటి వరస ప్రకారం, అందరితోపాటు. రెండోది శిక్షగా. బూట్లకి పాలిష్ లేదనో, లేటుగా లేచాడనో, సార్జెంటుకి ఎదురు చెప్పాడనో. జోకులు రెండో దారిని ఎక్కువ చూపిస్తాయి కానీ, వాటికి బలం మాత్రం మొదటి దారి నుంచి వచ్చిందని నా అనుమానం. దాని సంగతి తర్వాత.

ఈ హాస్యానికి స్టేజి మీద పెద్దపీట వేసినవాడు ఇర్వింగ్ బెర్లిన్. రష్యా నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదు కుర్రాడు, పాటలు రాసి అప్పటికే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1918లో ఆర్మీలోకి పట్టుకుపోయి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఉన్న క్యాంప్ అప్టన్‌లో పడేశారు. రాత్రంతా మేలుకుని పాటలు కట్టుకునే అలవాటున్నవాడికి చీకటితో బ్యూగిల్ ఊదితే లేవడం ఎంత నరకమో ఊహించుకోండి. ఆ కడుపుమంటనే ఆయన షో చేశాడు. పేరు యిప్ యిప్ యాఫాంక్. యాఫాంక్ ఆ క్యాంపు ఉన్న ఊరు. నటులంతా ఆ క్యాంపు సైనికులే. 1918 ఆగస్టులో న్యూయార్క్ సెంచరీ థియేటర్‌లో ఆడారు. పొద్దున్నే లేవడం మీద ఒక పాట, కిచెన్ డ్యూటీ మీద ఒక పాట. వంటింటి పనిలో పడ్డ అమాయకపు సైనికుడిగా బెర్లినే స్టేజి ఎక్కాడు. తర్వాతి కాలంలో అమెరికాకి దాదాపు రెండో జాతీయగీతం లాంటిదైన గాడ్ బ్లెస్ అమెరికా కూడా మొదట ఈ షో కోసమే రాశాడు. ఇక్కడ ఇమడదని పక్కన పెట్టేశాడు, అది బయటికొచ్చింది 1938లో. దేశభక్తి గీతం డ్రాయరులోకి, అంట్లు తోమే పాట స్టేజి మీదికి! క్యాంపు హాస్యం స్వభావం ఏమిటో ఈ ఒక్క ఎంపిక చెబుతుంది.

రెండో ప్రపంచయుద్ధం నాటికి ఇదొక పరిశ్రమ అయింది. మారియన్ హార్‌గ్రోవ్ అని నార్త్ కరొలైనాలో కుర్ర విలేకరి ఒకడు ఫోర్ట్ బ్రాగ్‌లో శిక్షణలో పడి, తన అవస్థలు పత్రికకి రాసి పంపేవాడు. వాటిని పోగుచేసి 1942లో సీ హియర్, ప్రైవేట్ హార్‌గ్రోవ్ అని పుస్తకం వేస్తే దేశమంతా ఎగబడి కొన్నది, సినిమా కూడా తీశారు. అందులో ఆయన తుపాకీ పట్టుకుని చేసిన ఘనకార్యాల కన్నా వంటశాలలో పడ్డ పాట్లే జనానికి గుర్తుండిపోయాయి. అదే ఏడాది జూన్‌లో సైనికుల కోసం ఆర్మీయే నడిపిన యాంక్ వారపత్రికలో సార్జెంట్ జార్జ్ బేకర్ కార్టూన్లు మొదలయ్యాయి. ఆయన అంతకుముందు డిస్నీ స్టూడియోలో పనిచేసినవాడు. ఆయన పాత్ర శాడ్ శాక్‌కి మాటల్లేవు. ముడతలు పడ్డ యూనిఫామ్, వాలిపోయిన భుజాలు, ఎక్కడికెళ్ళినా ఎవడో ఒకడు ఏదో ఒక పని అంటగట్టడం. రోస్టర్ ఎంత న్యాయంగా వేసినా ఎప్పుడూ నా పేరే పడుతోందని ప్రతివాడికీ అనిపిస్తుంది కదా, ఆ అనిపించడానికి బొమ్మకడితే అదే శాడ్ శాక్.

ఈ నవ్వుని సమర్థించేవాళ్ళు మామూలుగా చెప్పేది, భయాన్ని తట్టుకోవడానికి మనిషి నవ్వుతాడని. చావు మీద జోకెయ్యలేక దుంప మీద వేస్తాడు. నిజమే కానీ ఇది సగం నిజం. చావు పక్కన ఉన్నవాళ్ళ హాస్యం వేరేగా ఉంటుంది. బిల్ మాల్డిన్ గీసిన విల్లీ, జో ఇటలీ బురదలో గడ్డాలు పెరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉంటారు. వాళ్ళ జోకులు పొడిగా, తక్కువ గొంతుతో ఉంటాయి. 1945లో జనరల్ పాటన్ ఆ కార్టూనిస్టుని పిలిపించుకుని మరీ చీవాట్లు పెట్టాడు, సైనికుల్ని అంత మాసిపోయినట్టు చూపిస్తావా అని. జనరల్‌కి గుచ్చుకున్నది యుద్ధరంగంలోని గడ్డం. వంటింటి దుంపని ఆర్మీ తన సొంత పత్రికలోనే అచ్చేసుకుంది. అధికారం ఏ జోకుని అచ్చేస్తుందో, ఏ జోకుకి కళ్ళెర్ర చేస్తుందో చూస్తే ఏది దానికి హాని చేస్తుందో తెలుస్తుంది.

అంటే మొదటి ఆరోపణ ఇది: వంటింటి జోకు యుద్ధాన్ని ఇల్లుగా మార్చేస్తుంది. క్యాంపు అంటే హాస్టల్, సార్జెంటు అంటే వార్డెన్, కష్టమంటే అంట్లు. ఆ క్యాంపు దేనికోసం ఉందో మర్చిపోవచ్చు. మార్ట్ వాకర్ బీటిల్ బెయిలీ దీనికి పరాకాష్ఠ. 1950లో కాలేజీ కుర్రాడిగా మొదలైన ఆ పాత్ర 1951లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, సైన్యంలో చేరాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి దుంపలు తొక్క తీశాడు, సార్జెంటు చేత తన్నులు తిన్నాడు, నిద్రపోయాడు. ఆ క్యాంపు మాత్రం యుద్ధానికి వెళ్ళలేదు. కొరియా అయిపోయింది, వియత్నాం వచ్చింది, పోయింది. దుంపలు అయిపోలేదు.

ఈ ఆరోపణ బరువైనదే. అయినా నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ కాలంలో గోడల మీద అంటించిన పోస్టర్లు కుర్రాళ్ళకి చెప్పిన అబద్ధం ఇంతకన్నా పెద్దది. నువ్వు వీరుడివి, దేశం నీ భుజాల మీద ఉంది అని పోస్టరు చెప్పింది. వంటశాల చెప్పింది: నువ్వు రెండు చేతులు, ఆ చేతులకి ఇదిగో చాకు. జోకు ఈ రెండో మాటని మోసుకొచ్చింది. సైన్యం అనే యంత్రంలో మనిషి ఎంతో, వాడి పట్టా, వాడి ఉద్యోగం, వాడి గొప్పలు అక్కడ ఎంత చెల్లుతాయో దుంపల గుట్ట ఉన్నదున్నట్టు చెప్పింది. బెర్లిన్ అంతటివాడికీ అదే బకెట్టు. లాయరుకీ, పాల వ్యాను తోలేవాడికీ ఒకే సింకు. ఇది కప్పిపుచ్చే నవ్వు కాదు, మీదున్న గుడ్డ లాగేసే నవ్వే. నవ్వుతున్నవాడు నవ్వుతున్నది తన మీదే.

అసలు చిక్కు వేరేచోట ఉంది.

లాయరు సింకు దగ్గర నిలబడితే నవ్వెందుకు? ఆ పని అతని స్థాయికి తగనిదని మనం ముందే ఒప్పుకున్నాం కాబట్టి. జోకుకి పునాది ఆ ఒప్పుకోలే. మరి ఆ పని ఎవరి స్థాయికి తగినది? లాయరు ఆర్మీలోకి రాకముందు అతని కంచం ఎవరు కడిగారు? అమ్మో, భార్యో, పనిమనిషో. వాళ్ళు కడిగినప్పుడు అది జోకు కాలేదు, అసలది పనిగానే కనబడలేదు. మన భాష ఈ విషయంలో మొహమాటపడదు. ఎంగిలి గిన్నెల్ని అంట్లు అంటాం. అంటు అంటే మైల కూడా. గిన్నెకి అంటుకున్నది చేతికి అంటుతుంది, చేతిది మనిషికి అంటుతుంది, మనిషిది కులానికి అంటుతుంది. అంట్లు తోముతున్న మగవాణ్ణి చూసి వచ్చే నవ్వులో ఈ మైల భయం కొంత ఉంది.

2020 లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్లలోకి పనివాళ్ళని రానివ్వని ఆ నెలల్లో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన జోకుల్లో సగం ఇవే. చీపురు పట్టుకున్న మొగుడు, సింకు ముందు మొగుడు, ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్న మొగుడు. నాకూ రోజుకి పది వచ్చేవి. బొమ్మలో యూనిఫామ్ తీసేసి లుంగీ తొడిగితే అది 1942 నాటి కార్టూనే. సార్జెంటు స్థానంలో భార్య. అవి పంపుకుని నవ్వుకున్నవాళ్ళు అందరూ చెడ్డవాళ్ళనడం లేదు, వాటిలో కొన్ని బాగానే పేలాయి. కానీ వాటిలో ఒక మనిషి లేదు. ఆ సింకు దగ్గర అంతకుముందు రోజూ నిలబడిన మనిషి, ఆ నెలల్లో జీతం వస్తుందో రాదో తెలియక ఇంట్లో కూర్చున్న మనిషి. జోకు ఆమె మీద కాదు. ఆమె లేనట్టు నడిచింది, అంతే.

అదే లోటు యుద్ధకాలపు నవ్వులోనూ ఉంది. అక్కడ దానికి పేర్లూ తేదీలూ ఉన్నాయి.

డోరిస్ మిల్లర్ టెక్సస్‌లోని వేకో నుంచి వచ్చిన నల్లజాతి యువకుడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌక మీద మెస్ అటెండెంట్. ఆ నౌకలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. కానీ ఉద్యోగం ఆఫీసర్లకి వడ్డించడం, వాళ్ళ బట్టలు పోగుచేయడం. అప్పటి అమెరికన్ నేవీలో నల్లవాళ్ళకి దాదాపుగా తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. 1942 జూన్ దాకా సాధారణ నావికుడిగా చేర్చుకునేవారు కాదు. బాంబులు పడుతున్నప్పుడు మిల్లర్ ఉతకాల్సిన బట్టలు పోగుచేస్తున్నాడు. పైకి పరిగెత్తి, ప్రాణం పోతున్న కెప్టెన్‌ని పక్కకి చేర్చడంలో సాయం చేసి, తనకి ఎవరూ నేర్పని విమాన విధ్వంసక మెషిన్ గన్ వెనక నిలబడి కాల్చాడు. నేవీ మొదట ఆయన పేరు కూడా చెప్పలేదు, ఒక నల్ల మెస్‌మన్ అని ఊరుకుంది. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ పట్టుబట్టాక 1942 మార్చిలో పేరు బయటికొచ్చింది. మే 27న అడ్మిరల్ నిమిట్జ్ స్వయంగా నేవీ క్రాస్ పతకం తొడిగాడు. ఆ పైన? మిల్లర్ మళ్ళీ మెస్‌లోకే. కాస్త పదోన్నతి వచ్చింది, వంటవాడు అయ్యాడు. 1943 నవంబరు 24న లిస్కమ్ బే అనే నౌక టార్పెడో తగిలి మునిగినప్పుడు చనిపోయాడు.

మెషిన్ గన్ వెనక వంటవాడు. అనుకోని చోట అనుకోని మనిషి కనబడటమే హాస్యమైతే, దుంపల దగ్గర లాయరుకి వర్తించిన సూత్రం ఇక్కడా వర్తించాలి. కానీ ఎవరికీ నవ్వు రాదు. పైనున్నవాడు కిందికి దిగితే హాస్యం, కిందున్నవాడు పైకెక్కితే ఆశ్చర్యం. మెట్లు మాత్రం అవే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆపేసింది. 1940లో, మిల్లర్ కథకి ఏడాది ముందు, ఫిలడెల్ఫియా అనే నౌక మీద పనిచేసే పదిహేనుమంది నల్ల మెస్‌మన్‌లు అదే పిట్స్‌బర్గ్ కొరియర్‌కి ఒక ఉత్తరం రాశారు. మాకు గిన్నెలు కడగడం, పక్కలు సర్దడం తప్ప ఇంకో పని ఇవ్వరు, తల్లులారా మీ కొడుకుల్ని నేవీలో చేర్చకండి అని దాని సారాంశం. అందరూ సంతకాలు పెట్టారు. నేవీ వాళ్ళని తీసేసింది, అదీ మచ్చ వేసి. రెండేళ్ళ తర్వాత హార్‌గ్రోవ్ పుస్తకం వచ్చింది. తెల్ల కుర్రాడు వంటింటి పని మీద పెట్టుకున్న మొర దేశమంతా నవ్వుతూ చదివిన పుస్తకమైంది. నల్లవాళ్ళ మొర నేరమైంది. ఫిర్యాదులో సరుకు ఇంచుమించు ఒకటే. ఒకరికి నవ్వుతూ చెప్పుకునే వీలుంది, ఇంకొకరికి లేదు. హార్‌గ్రోవ్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, అతని హాస్యం మంచి మనసున్న హాస్యమే. కానీ ఆ హాస్యం పండిన నేల ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది హాస్యంలో భాగమే.

ఇక మన వైపు చూస్తే, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ పాతిక లక్షలకి చేరింది. అందులో వంట, నీళ్ళు మొయ్యడం, పాకీపని లాంటివి సిపాయిలకి వంతులవారీగా వచ్చేవి కావు. వాటికి ఫాలోయర్లు అని ఒక విడి తరగతి. సైన్యంతోనే తిరుగుతారు, అవే గుళ్ళకి ఎదురవుతారు, జీతం తక్కువ, గౌరవం ఇంకా తక్కువ. వంటశాలలు మతాన్ని బట్టి, చాలాచోట్ల కులాన్ని బట్టి వేరువేరు. ఇలాంటి ఏర్పాటులో దుంపల జోకు పుట్టదు. సిపాయి గరిటె పట్టే రోజు రాదు, వంటవాడు గరిటె వదిలే రోజు రాదు. ఎవరూ చోటు మారకపోతే నవ్వడానికి ఏం దొరుకుతుంది? దీనికి ఎదురుగా నిలిచింది ఆజాద్ హింద్ ఫౌజ్. సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో అక్కడ హిందువులకీ, ముస్లింలకీ, సిక్కులకీ ఒకే వంట, ఒకే పంక్తి. ఆ సైన్యం యుద్ధంలో ఓడిపోయింది. కానీ వేరు పొయ్యిలు లేకపోతే సైన్యం నడవదన్న వాదాన్ని మాత్రం ఓడించే పోయింది.

యోధుడు వంటింట్లో ఉండటం మనకి కొత్త కాదు. విరాటపర్వంలో భీముడు వలలుడనే పేరుతో విరాటరాజు వంటశాలలో చేరతాడు. ఆ కథ చెప్పేవాళ్ళెవరైనా అక్కడ కాస్త నవ్విస్తారు. గద తిప్పినవాడు గరిటె తిప్పడం, అందరికన్నా ఎక్కువ తినేవాడు అందరికీ వండిపెట్టడం. నలభీమపాకం అని ఇప్పటికీ అంటాం. కానీ ఆ నవ్వు మనకి హాయిగా ఉండటానికి కారణం గడువు. ఏడాది పూర్తికాగానే వలలుడు మళ్ళీ భీముడవుతాడు. అదే వంటశాలలో వలలుడికి ముందూ తర్వాతా పొయ్యి ఊదినవాళ్ళున్నారు కదా, వాళ్ళలో ఒక్కడి పేరు మనకి తెలుసా?

ఇక్కడికొచ్చాక నాకు మన మాట ఒకటి బాగా పనికొచ్చింది: వంతు. వంతు అంటే వరసలో మనకొచ్చే తరుణం. వంతు అంటే భాగం కూడా. నా వంతు వచ్చింది అన్నా, నా వంతు ఇచ్చాను అన్నా ఒకటే మాట. ఇది మాటల గారడీ కాదు, ఇందులో ఒక న్యాయం ఉంది. పని నీకు తరుణంగా వస్తే అది అందరి బరువులో నీ భాగం అవుతుంది. తరుణంగా రాకుండా ఒకడి మీదే ఉండిపోతే అది భాగం కాదు, రాత అయిపోతుంది.

దుంపల జోకుకి బలం రోస్టర్ నుంచి వచ్చిందని ఇందాక అన్నది ఇందుకే. ఇవాళ నేను, రేపు నువ్వు. ఇవాళ నన్ను చూసి నవ్వు, పర్లేదు, రేపు మంచానికి తువ్వాలు కట్టుకునేది నువ్వే. అలాంటి చోట నవ్వు ఎవర్నీ కిందకి తోయదు. అది శ్రమని పంచుకున్నట్టే నవ్వునీ పంచుకోవడం. కె.పి. హాస్యంలో నాకు నచ్చేది ఇదే, దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వంతు లేనిచోట మాత్రం అదే నవ్వు తిరగబడుతుంది. నేను ఒకరోజు చేసి నవ్వుకున్న పనిని జీవితాంతం చేసేవాడు పక్కనే ఉంటే, నా నవ్వు అతనికి ఎలా వినబడుతుంది? నీ బతుకు నాకు ఒకరోజు తమాషా అన్నట్టు వినబడదా?

దీనికి ఒక ఎదురుమాట ఉంది. వంతు లేనివాళ్ళు నవ్వరా? ఎందుకు నవ్వరు, అందరికన్నా ఎక్కువే నవ్వుకుంటారు. మెస్‌మన్‌లు ఆఫీసర్ల మీద, ఫాలోయర్లు సిపాయిల మీద, పనివాళ్ళు మన మీద వేసుకునే జోకులు వింటే మనం తలెత్తుకోలేమేమో. కానీ అవి పొయ్యి దగ్గర పుట్టి పొయ్యి దగ్గరే పోతాయి. అచ్చయ్యే జోకు వంటింట్లోకి వచ్చి బయటికి వెళ్ళిపోయినవాడిది. కాబట్టి నవ్వు మంచిదా చెడ్డదా అని జోకుని విప్పి చూస్తే తేలదు. ఎవరు తిరిగి బయటికి వెళ్ళగలరు, ఎవరు అక్కడే ఉంటారు అని చూడాలి.

ఇంకో షరతు కూడా ఉంది. నవ్వాలంటే మనసు కాసేపు మొద్దుబారాలని ఫ్రెంచి తాత్వికుడు బెర్గ్‌సన్ 1900లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఆ కాసేపు ఎంతసేపు అన్నదే ప్రశ్న. యారొస్లావ్ హషెక్ రాసిన మంచి సైనికుడు ష్వేక్ నవలలో బలూన్ అనే సేవకుడుంటాడు. తీరని ఆకలి. ఆఫీసరు కోసం తెచ్చిన భోజనం దారిలోనే తినేస్తాడు. దానికి శిక్షగా అతన్ని వంటశాల దగ్గర కట్టేయిస్తారు, అందరికీ వడ్డన జరుగుతుంటే చూస్తూ నిలబడాలి. చదువుతుంటే నవ్వొస్తుంది, హషెక్ నవ్వించకుండా వదలడు. కానీ ఆ నవ్వు గొంతులో ఒకచోట ఆగిపోతుంది. మొద్దుబారిన మనసుని మళ్ళీ లేపడం కూడా హాస్యరచయిత బాధ్యతే అన్నట్టు రాస్తాడు. హషెక్ స్వయంగా మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో పనిచేసినవాడు. ఆకలిగొన్నవాణ్ణి చూసి నవ్వించాక, ఆకలి ఎవరిదో చూపించకుండా పేజీ తిప్పనివ్వడు. మంచి క్యాంపు హాస్యానికీ, ఉత్త కాలక్షేపానికీ నాకు కనబడే తేడా అది.

ఇదంతా పాత యుద్ధాల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మాకు ఆన్-కాల్ అని ఒక డ్యూటీ ఉంటుంది. వారానికొకరు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ మోగుతుంది, లేచి చూడాలి. దాని మీద మేం వేసుకునే జోకులకి లెక్కలేదు, మీమ్‌ల కోసం ఒక గ్రూపే ఉంది. ఆ జోకులు మమ్మల్ని కలిపి ఉంచుతాయి, ఎందుకంటే మేనేజరు పేరు కూడా ఆ రోస్టర్‌లో ఉంది. మేనేజరు పేరు తీసేసిన రోజున ఆ గ్రూపులో జోకుల రుచి మారుతుందని నేను రాసిస్తాను. అదే అంతస్తులో ప్యాంట్రీ ఉంది. అక్కడ కప్పులు కడిగే ఆవిడకి రోస్టర్ లేదు. ఎప్పుడైనా టీం డిన్నర్ తర్వాత మేమే ప్లేట్లు కడిగితే ఫోటోలు తీసుకుంటాం, కింద నవ్వే బొమ్మలు పెడతాం. ఆవిడని ఎవరూ ఫోటో తీయరు.

అందుకని ఆ ఫోటోలు తీయడం మానేయాలని నేననను. నవ్వుని నిషేధించి న్యాయం తెచ్చిన సమాజం నాకు తెలిసి లేదు. నేననేది చిన్న లెక్క. వంటింటి పని మీద జోకు విన్నప్పుడల్లా రేపు అక్కడ ఎవరి వంతు అని ఒకసారి అడగొచ్చు. జవాబు నాది, నీది, అందరిదీ అయితే నిశ్చింతగా నవ్వొచ్చు, ఆ నవ్వు బంగాళాదుంపలంత ఆరోగ్యం. జవాబు ఎప్పుడూ ఒకే పేరైతే, ముందు సరిచేయాల్సింది జోకుని కాదు, రోస్టర్‌ని.